పట్టాల మధ్య కరెంటు పంట!

సెంటు భూమి కొనక్కర్లేదు. ఏ రైతు పొలాన్నీ అడగక్కర్లేదు. ఉన్న రైలుపట్టాల నడుమే సోలార్‌ పలకలు పరిచేస్తే... కరెంటే కరెంటు! వినడానికి ఎంత బాగుందో కదా. స్విట్జర్లాండ్‌లో ఓ చిన్న ఊరి దగ్గరా మన వారణాసిలో ఓ యార్డులోనూ ఈ ఆలోచన ఇప్పటికే పట్టాలెక్కింది. మరి సికింద్రాబాద్‌ నుంచి విజయవాడ దాకా ఇలాగే పరుచుకుంటూ వెళ్లొచ్చా? అసలు చిక్కంతా అక్కడే ఉంది!

రైలు కోసం ఎదురుచూస్తూ పట్టాల వంక చూడనివాళ్లుండరు. పేపరు చదివేసి, టీ తాగేసి, ఇంకేం తోచక పట్టాలూ వాటి మధ్య కంకరా చూస్తూ నిలబడతాం. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌ నగరం పక్కనున్న రెనాన్‌ స్టేషన్లో 2020లో జోసెఫ్‌ స్కుదెరి అనే ఆయన కూడా అలాగే చూస్తూ నిలబడ్డాడు. అయితే ఆయనకి అక్కడ కంకర బదులు కరెంటు కనిపించింది. రెండు పట్టాల మధ్యా మీటరుకు పైగా జాగా. దానిమీద రోజంతా ఎండ. దేశమంతా వేల కిలోమీటర్ల పొడవున ఇదే తీరు. ‘ఇక్కడ సోలార్‌ పలకలు పరిస్తే?’ అనుకున్నాడు. ఆ ఆలోచనతోనే ‘సన్‌వేస్‌’ అనే కంపెనీ మొదలైంది.

అనుకున్నంత తేలిగ్గా పని జరగలేదు. 2023లో కంపెనీ పెట్టుకున్న దరఖాస్తును స్విట్జర్లాండ్‌ రవాణాశాఖ కాదు పొమ్మంది. నడిచే రైలు కింద గాజు పలకలు పరుస్తామంటే ఏ అధికారి మాత్రం వెంటనే సంతకం పెడతాడు? ప్రపంచంలో ఎక్కడైనా ఇలా చేశారా అంటే చూపించడానికి సరైన ఉదాహరణా లేదు. దాంతో కంపెనీ వాళ్లు మళ్లీ మొదటికొచ్చి నిపుణులతో పరీక్షలు చేయించారు. నెలల తరబడి సాగిన ఆ అధ్యయనాలయ్యాక 2024 అక్టోబరులో అనుమతి దొరికింది. అదీ ‘మూడేళ్లు పరీక్షగా నడపండి, చూద్దాం’ అన్న షరతుతోనే.

చివరికి 2025 ఏప్రిల్‌ 24న నూషాటెల్‌ రాష్ట్రంలోని బ్యూట్‌ అనే ఊరి దగ్గర పనులు పూర్తయ్యి ప్రారంభోత్సవం జరిగింది. పొడవు 100 మీటర్లు. మొత్తం 48 పలకలు. సామర్థ్యం 18 కిలోవాట్లు. ఏడాదికి 16,000 యూనిట్ల కరెంటు వస్తుందని అంచనా. ఆ కరెంటు రైలుకి కాదు, ఊళ్లో ఇళ్లకి వెళ్లే లైన్లో కలుస్తుంది. దానికో కారణముంది. స్విట్జర్లాండ్‌లో రైళ్లకిచ్చే కరెంటు పౌనఃపున్యం 16.7 హెర్ట్జ్‌, ఇళ్లకిచ్చేది 50 హెర్ట్జ్‌. సోలార్‌ కరెంటుని నేరుగా రైలు తీగకి ఎక్కించడం కంటే ఊరి లైన్లో కలపడమే వాళ్లకి సులువు.

ఈ మొత్తానికి అయిన ఖర్చు 5,85,000 స్విస్‌ ఫ్రాంకులు. మన డబ్బుల్లో దాదాపు ఆరు కోట్ల రూపాయలు! మన దగ్గర ఇంటి డాబా మీద కిలోవాట్‌కి సుమారు యాభై వేల చొప్పున లెక్కేసుకుంటే 18 కిలోవాట్లకి తొమ్మిది లక్షలు చాలు. అయితే స్విట్జర్లాండ్‌లో అంతా పరీక్షల దశ కాబట్టి అధ్యయనాల ఖర్చు కూడా ఆ మొత్తంలోనే ఉంది. తొలి ఖర్చుని చూసి ఆలోచన మంచిచెడ్డలు తేల్చలేం. ఇంటి డాబాతో పోటీ పడాలంటే మాత్రం ఇంకా ఎంత దూరం వెళ్లాలో ఈ లెక్క చెబుతోంది.

వారణాసిలో ఏం చేశారంటే...

స్విట్జర్లాండ్‌ వార్త పాతబడకముందే మన రైల్వే కూడా రంగంలోకి దిగింది. వారణాసిలో రైలింజన్లు తయారుచేసే ‘బనారస్‌ లోకోమోటివ్‌ వర్క్స్‌’ ఉంది కదా... ఒకప్పుడు డీజిల్‌ లోకోమోటివ్‌ వర్క్స్‌ అనేవాళ్లం. ఆ కర్మాగారం యార్డులోని 19వ నంబరు లైన్లో 2025 ఆగస్టు 15న పట్టాల మధ్య సోలార్‌ పలకల్ని ప్రారంభించారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది.

ఇక్కడ పొడవు 70 మీటర్లు. పలకలు 28. సామర్థ్యం 15 కిలోవాట్లు. ఒక్కో పలక పొడవు 2,278 మిల్లీమీటర్లు, వెడల్పు 1,133 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 32 కిలోలు. మన బ్రాడ్‌గేజ్‌ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అంటే పలకని మధ్యలో పరిచాక అటూ ఇటూ జానెడుకు పైగానే జాగా మిగులుతుంది. స్విట్జర్లాండ్‌ వాళ్ల పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లే. ఆ విధంగా చూస్తే మనకి కాస్త కలిసొచ్చినట్టే.

కాంక్రీటు స్లీపర్లకి రంధ్రాలు పెట్టకుండా ప్రత్యేకమైన జిగురుతో అతికించారు. రైలు వెళ్లేటప్పుడు వచ్చే అదురుని తట్టుకోవడానికి కింద రబ్బరు దిమ్మలు పెట్టారు. ఒక్కో పలకకి నాలుగు స్టీలు బోల్టులు. ఆ నాలుగూ విప్పితే పలక చేతికొచ్చేస్తుంది. ఈ ‘విప్పితే వచ్చేయడం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్క భలేగా ఉంది!

వారణాసి పద్ధతిలో కిలోమీటరు పొడవున పలకలు పరిస్తే సామర్థ్యం 220 కిలోవాట్లు. రోజుకి 880 యూనిట్లు. ఏడాదికి 3.21 లక్షల యూనిట్లు. ఇవి రైల్వే చెప్పిన లెక్కలే. నెలకి 200 యూనిట్లు వాడే మధ్యతరగతి ఇల్లు ఏడాదికి 2,400 యూనిట్లు వాడుతుందనుకుంటే... ఒక్క కిలోమీటరు కరెంటు 133 ఇళ్లకి సరిపోతుంది. ఫర్వాలేదే అనిపిస్తుంది కదా!

ఇంకాస్త ముందుకెళ్దాం. యార్డులూ సైడింగులూ అన్నీ కలిపితే మన రైల్వేకి 1.2 లక్షల కిలోమీటర్లకు పైగానే పట్టాలున్నాయి. అందులో 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య పలకలు పరిచేసినా ఏడాదికి 3,850 కోట్ల యూనిట్లు! 2030 నాటికి తనకి ఏటా 3,300 కోట్ల యూనిట్లు కావాలని రైల్వే 2020లో అంచనా వేసుకుంది. అంటే కాగితం మీద చూస్తే పట్టాల మధ్య పండే కరెంటుతోనే రైళ్లన్నీ నడిచిపోతాయి. పైగా భూమి కోసం వెతుక్కునే పనే లేదు. కర్నూలు సోలార్‌ పార్కు సంగతే చూడండి. వెయ్యి మెగావాట్ల కోసం అక్కడ దాదాపు ఆరు వేల ఎకరాలు కావాల్సొచ్చింది. మెగావాట్‌కి ఆరెకరాలన్నమాట. అదే మెగావాట్‌ని నాలుగున్నర కిలోమీటర్ల పట్టాల మధ్య ఒక్క సెంటు భూమి తీసుకోకుండా సంపాదించవచ్చు. పొలం పోగొట్టుకున్నవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

అయితే ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. మన ఎక్స్‌ప్రెస్‌ రైళ్లని లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజను శక్తి 6,350 హార్స్‌పవర్‌. అంటే దాదాపు 4.7 మెగావాట్లు. అది పూర్తి శక్తితో లాగుతున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం మంచి ఎండలో కూడా, దాని ఆకలి తీరడానికి 21 కిలోమీటర్ల పలకలు కావాలి. సాయంత్రమైతే సగం కూడా రాదు, రాత్రికి సున్నా. గోదావరి, గౌతమి, చార్మినార్‌... మనవాళ్లెక్కే రైళ్లలో చాలావరకూ రాత్రి బండ్లే! కాబట్టి ‘రైలే తన దారిలో కరెంటు తయారుచేసుకుని నడుస్తుంది’ అన్నది వినసొంపైన మాటే తప్ప జరిగేది అలా కాదు. పగలు వచ్చిన కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది, రాత్రి బండి గ్రిడ్‌ నుంచి తీసుకుంటుంది.

ఖాళీ జాగా అనుకుంటే పొరపాటే!

ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లకి పట్టాల మధ్య జాగా ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లని అడిగితే మాత్రం అది తమ పనిచోటు అంటారు. రోజూ పొద్దున్నే కీమ్యాన్‌ సుత్తీ పానాలూ భుజానేసుకుని తన హద్దులో ఉన్న కిలోమీటర్లన్నీ నడుస్తాడు. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పుల్లో ఏది వదులైందో, ఎక్కడ పట్టా చీలిందో, ఎక్కడ కంకర జారిందో చూసుకుంటూ వెళతాడు. ఆయన నడిచేది స్లీపర్ల మీదే. అక్కడ గాజు పలకలుంటే ఎక్కడ అడుగేయాలి? వానాకాలంలో తడిసిన గాజు మీద కాలు జారితే? ఎదురుగా రైలొస్తే గబుక్కున పక్కకి తప్పుకోవాల్సిన మనిషాయన! అటూ ఇటూ వదిలిన జాగాలోంచి క్లిప్పులు కనిపించవచ్చు కానీ, పలక కింద స్లీపరుకి పగులొస్తే కనిపెట్టేదెలా?

ఇది మనుషుల సంగతి. ఇక యంత్రాల సంగతి చూద్దాం. రైళ్లు నడిచేకొద్దీ పట్టాల కింద కంకర కుదురుకుపోయి పట్టాల మట్టం దెబ్బతింటుంది. దాన్ని సరిచేయడానికి టాంపింగ్‌ యంత్రాలొస్తాయి. పసుపుపచ్చ రంగులో, పట్టాల మీదే నడుస్తూ కనిపించే ఆ పొడవాటి యంత్రాల్ని చాలామంది చూసే ఉంటారు. వాటి ఇనుప వేళ్లు పట్టాకి రెండువైపులా, అంటే లోపలివైపు కూడా, స్లీపర్ల మధ్య కంకరలోకి దిగి గట్టిగా కూరతాయి. పలకలుంటే ఆ వేళ్లు దిగే దారే ఉండదు. కంకరని తవ్వి తీసి జల్లెడపట్టి మళ్లీ వేసే యంత్రాలది ఇంకా పెద్ద పని. అవి రావాలంటే పలకలన్నీ ముందే తీసేయాల్సిందే.

తీసేయడానికి వీలుగానే చేశారుగా అంటారేమో. నిజమే. కానీ ఒక్కసారి లెక్కేయండి. 70 మీటర్లకి 28 పలకలంటే కిలోమీటరుకి 400. ఒక్కోదానికి నాలుగు బోల్టుల చొప్పున 1,600 బోల్టులు విప్పాలి. 32 కిలోల పలకలు 400 అంటే పన్నెండున్నర టన్నులకి పైనే బరువు. దాన్నంతా ఎత్తి, పగలకుండా పక్కన పెట్టి, పని అయ్యాక మళ్లీ పరిచి, మళ్లీ 1,600 బోల్టులు బిగించాలి. తీగలు మళ్లీ కలపాలి. మంచి టాంపింగ్‌ యంత్రం గంటకి కిలోమీటరుకు పైగా పని చేసేస్తుంది. గంట పని కోసం ఎన్ని గంటల ముందస్తు పని!

పైగా ఈ పనులన్నిటికీ రైళ్లు ఆపాలి. దీన్నే రైల్వే భాషలో ‘బ్లాక్‌’ అంటారు. కాజీపేట- విజయవాడ లాంటి రద్దీ మార్గాల్లో రెండు మూడు గంటల బ్లాక్‌ దొరకడమే గగనం. దొరికిన ఆ కాస్త సమయమూ పలకలు తీసి పెట్టడానికే సరిపోతే పట్టాల పని ఎప్పుడు చేయాలి? ఆలస్యమవుతుందని ఆ పని వాయిదా వేస్తే... ప్రమాదంలో పడేది ప్రయాణికులే.

స్విట్జర్లాండ్‌ కంపెనీ ఈ చిక్కుని ముందే ఊహించింది. ష్కోయిజర్‌ అనే రైల్వే యంత్రాల సంస్థతో కలిసి పలకల్ని తివాచీలా పరుచుకుంటూ వెళ్లే రైలుబండిని వాడుతోంది. రోజుకి దాదాపు వెయ్యి చదరపు మీటర్ల మేర పలకలు వేయగలదన్నది వాళ్ల మాట. మీటరు వెడల్పు అనుకుంటే రోజుకి కిలోమీటరు. చేతులతో చేసేదాని కంటే చాలా నయం. కానీ టాంపింగ్‌ యంత్రం గంటలో చేసే దూరం అది!

దుమ్మూ... ఎండా...

మన డాబాల మీద సోలార్‌ పలకలు ఏటవాలుగా ఉంటాయి. ఎండ నేరుగా పడాలనే కాదు, వాన పడితే దుమ్ము కొట్టుకుపోవాలని కూడా. పట్టాల మధ్య మాత్రం పలక బల్లపరుపుగా పడుకోవాల్సిందే. ఎండ విషయంలో మనకి పెద్ద నష్టం లేదు. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు నడినెత్తికి దగ్గరగానే వస్తాడు. బల్లపరుపుగా ఉంటే తగ్గేది నాలుగైదు శాతమే. ఉత్తరాన ఉన్న స్విట్జర్లాండ్‌కి ఈ నష్టం ఇంకా ఎక్కువ.

దుమ్ము విషయంలో మాత్రం వాళ్లే నయం. రైలు బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల దగ్గర అరిగిన పొడి రాలుతుంది. ఇనుప రజనూ గ్రీజూ కలిసి జిడ్డులా పట్టేస్తాయి. బొగ్గు వ్యాగన్లు తిరిగే దారిలో అయితే చెప్పనే అక్కర్లేదు. కిటికీలోంచి విసిరే టీ కప్పులూ పల్లీల పొట్టూ ఎలాగూ ఉన్నాయి. ఒకప్పుడైతే బోగీల్లోని మరుగుదొడ్ల నుంచి అంతా పట్టాల మీదే పడేది. బయో టాయిలెట్లు వచ్చాక ఆ బెడద పోయింది కాబట్టే ఇప్పుడీ మాటైనా మాట్లాడుకోగలుగుతున్నాం. రైలు చివర బ్రష్షులు కట్టి తుడిపిస్తామంటోంది సన్‌వేస్‌. మన వేసవి దుమ్ముకి పొడి బ్రష్షు సరిపోతుందా, నీళ్లు కావాలా? నీళ్లయితే ఎక్కడివి?

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటాం కానీ వేడి ఎక్కువైతే తగ్గుతుంది. పలక వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఉత్పత్తి మూడో వంతు శాతం చొప్పున పడిపోతుంది. డాబా మీదయితే పలక కింద గాలి ఆడుతుంది. పట్టాల మధ్య కింద కాలిన కంకర, పక్కన కాలిన ఇనుము. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో పట్టా మీద చెయ్యి పెట్టి చూడగలమా?

నీడ చేసే మాయ

పై నుంచి రైలు వెళుతుంటే నీడ పడదా అన్నది అందరికీ వచ్చే అనుమానం. నిజానికి అది పెద్ద సమస్య కాదు. 24 బోగీల రైలు పొడవు దాదాపు 600 మీటర్లు. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వెళితే ఒక పలక మీద నీడ ఉండేది 22 సెకన్లే. పగటిపూట అలాంటి రైళ్లు యాభై వెళ్లినా మొత్తం నీడ ఇరవై నిమిషాల లోపే.

చిక్కు ఆగి ఉన్న రైలుతోనే! ప్రధాన మార్గంలో కుదరకపోతే యార్డుల్లో పెట్టుకోవచ్చు అంటారు చాలామంది. అక్కడ వేగం తక్కువ, పని ఒత్తిడి తక్కువ, కాపలా ఉంటుంది. అన్నీ నిజమే. కానీ యార్డు అంటేనే బోగీలు గంటల తరబడి నిలబడే చోటు. రాత్రంతా తిరిగొచ్చిన ఎక్స్‌ప్రెస్‌ రైలు పగలంతా యార్డులో పడుకుంటుంది. సరిగ్గా ఎండ కాసే వేళకి పలకల మీద గొడుగు పట్టినట్టన్నమాట. పైగా పలకల్ని దండలా ఒకదానికొకటి కలుపుతారు కాబట్టి కొన్నింటి మీద నీడ పడినా మిగతావాటి కరెంటు కూడా దెబ్బతింటుంది. తోటలో పైపుని ఒకచోట తొక్కితే చివరిదాకా నీళ్లు తగ్గిపోయినట్టు. ఈ నష్టాన్ని తగ్గించడానికి పలకలోనే ఏర్పాట్లుంటాయి, పూర్తిగా మాత్రం పోదు. విద్యుత్‌ స్తంభాల నీడలూ ఇలాగే రోజూ పలకల మీద పాకుతుంటాయి.

కాబట్టి యార్డు అయితే చాలదు, యార్డులో ఏ లైను అన్నది కూడా చూసుకోవాలి. పగలు ఖాళీగా ఉండే లైను కావాలి. వారంలో రెండు మూడుసార్లు మాత్రమే వ్యాగన్లొచ్చే ఫ్యాక్టరీ సైడింగులు, కర్మాగారాల్లో ఇంజన్లని నెమ్మదిగా జరిపే దారులు ఇలాంటివే.

పట్టాల్లోనూ కరెంటే!

చాలామందికి తెలియని సంగతొకటుంది. పట్టాలు చక్రాలు నడవడానికే కాదు, కరెంటు నడవడానికి కూడా. పై తీగలోంచి ఇంజను తీసుకున్న కరెంటు తిరిగి సబ్‌స్టేషన్‌కి వెళ్లేది పట్టాల ద్వారానే. అంతేకాదు, చాలాచోట్ల సిగ్నళ్లు పనిచేసేదీ పట్టాల్లో ప్రవహించే చిన్నపాటి కరెంటుతోనే. రైలొస్తే దాని చక్రాల ఇరుసు రెండు పట్టాలనీ కలిపేస్తుంది. ఆ సంగతి పసిగట్టి సిగ్నల్‌ ఎర్రగా మారుతుంది. ఇప్పుడు పట్టాల మధ్య అల్యూమినియం చట్రాలున్న పలకలూ వాటి తీగలూ ఉన్నాయనుకోండి. ఏదో ఒకటి ఊడి రెండు పట్టాలకీ తగిలితే... లేని రైలు ఉన్నట్టు సిగ్నల్‌ ఎర్రగా పడిపోతుంది! పైన 25,000 వోల్టుల తీగ వెళుతోంది కాబట్టి కింద ఉన్న ప్రతి లోహపు వస్తువుకీ సరైన ఎర్తింగ్‌ ఉండాలి.

గాజు మీద ఎండ పడి మెరిస్తే లోకోపైలట్‌ కళ్లు చెదురుతాయేమోనన్న భయం కూడా ఉంది. మెరుపు తగ్గించే పూతలు వచ్చాయి కానీ సిగ్నల్‌ ఎరుపో పచ్చో చూసి వందల మందిని తీసుకెళ్లే మనిషి విషయంలో ‘దాదాపు ఫర్వాలేదు’ అంటే కుదరదు. అంతర్జాతీయ రైల్వేల సమాఖ్య కూడా ఈ మెరుపునీ, అదురుకి పలకల్లో వచ్చే సన్నని పగుళ్లనీ సందేహాలుగా లేవనెత్తింది.

ఇక మనవైన సమస్యలు వేరే. వందేభారత్‌ అద్దాల మీదే రాళ్లు పడుతున్న రోజులివి. రాగితీగ కనిపిస్తే కోసుకుపోయే దొంగలున్నారు. పశువులు పట్టాలు దాటుతాయి, దగ్గరి దారి కదా అని మనుషులూ దాటుతారు. ఇళ్లకు దూరంగా కిలోమీటర్ల కొద్దీ పరిచిన పలకలకి కాపలా ఎవరు?

రోడ్డు మీద ఏం జరిగింది?

‘ఎలాగూ ఖాళీగా ఉంది కదా’ అనుకుని సోలార్‌ పలకలు పరిచిన కథ ఇంతకుముందొకటి ఉంది. ఫ్రాన్స్‌లోని నార్మండీలో 2016 డిసెంబరులో కిలోమీటరు పొడవున సోలార్‌ రోడ్డు వేశారు. అయిన ఖర్చు 50 లక్షల యూరోలు. దాని మీద బళ్లు తిరిగాయి, చెట్ల ఆకులు రాలాయి, పలకలు అరిగాయి, పగిలాయి. అనుకున్న కరెంటులో సగం వచ్చిన మాట కూడా కొన్నాళ్లకి లేకుండా పోయింది. రెండేళ్లు తిరగకముందే దాదాపు వంద మీటర్ల మేర పీకేయాల్సొచ్చింది. 2019కల్లా అది విఫలమైందని అందరికీ అర్థమైపోయింది.

పట్టాల మధ్య పలకలకి ఆ గతి పట్టకపోవచ్చు. ఎందుకంటే ఇక్కడ చక్రాలు పలకల మీద ఎక్కవు, పక్కన పట్టాల మీదే వెళతాయి. అదొక్కటే రోడ్డుకీ దీనికీ పెద్ద తేడా. గాజు మామూలుదే వాడొచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఆశపడడానికి కారణం ఉంది. ఒక పనికోసం ఉన్న జాగాని రెండో పనికి వాడేటప్పుడు మొదటి పని చెడకుండా చూసుకోవాలన్నది మాత్రం ఆ రోడ్డు నేర్పిన పాఠం.

ఆ పాఠం బాగా వంటబట్టించుకున్న ఉదాహరణలూ ఉన్నాయి. గుజరాత్‌లోని మెహసానా జిల్లా చంద్రాసన్‌లో 2012లో కాలువ మీద 750 మీటర్ల మేర పలకలు కప్పారు. ఒక మెగావాట్‌ కరెంటు వచ్చింది, కింద నీళ్లు ఆవిరైపోవడం తగ్గింది. కాలువ పని చెడలేదు. మన రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే వంద మెగావాట్ల సోలార్‌ కేంద్రం 2022లో పూర్తయింది. బెల్జియంలో ఆంట్‌వెర్ప్‌ దగ్గర రైలు సొరంగం పైకప్పు మీద 2011లో 16,000 పలకలు వేశారు. అడవిలో చెట్లు రైళ్ల మీద పడకుండా కట్టిన 3.6 కిలోమీటర్ల సొరంగమది. పలకలు పైన, రైలు కింద... ఒకదానికొకటి అడ్డమే లేదు!

ముందు పైకప్పులు... తర్వాతే పట్టాలు

రైల్వేకి సోలార్‌ కొత్తేమీ కాదు. 2025 చివరికి స్టేషన్లూ భవనాలూ ఖాళీ స్థలాల్లో కలిపి దాదాపు 900 మెగావాట్ల పలకలున్నాయి. మన నంద్యాల- ఎర్రగుంట్ల మార్గంలోని స్టేషన్లన్నిటికీ సోలార్‌ పలకలు పెట్టి దక్షిణ మధ్య రైల్వే దాన్ని తన తొలి సోలార్‌ సెక్షన్‌గా ప్రకటించింది. మధ్యప్రదేశ్‌లోని బీనాలో 2020లో ఇంకో ప్రయోగం జరిగింది. సబ్‌స్టేషన్‌ పక్కనున్న ఖాళీ స్థలంలో 1.7 మెగావాట్ల పలకలు పెట్టి, ఆ కరెంటుని నేరుగా 25,000 వోల్టుల రైలు లైనుకే ఎక్కించారు. రైలుకి సోలార్‌ కరెంటు ఇవ్వాలంటే పలకలు రైలు కిందే ఉండక్కర్లేదని బీనా నిరూపించింది. తన దగ్గర 51,000 హెక్టార్ల ఖాళీ భూమి ఉందనీ అందులో 20,000 మెగావాట్ల దాకా సోలార్‌ పెట్టొచ్చనీ రైల్వే 2020లోనే చెప్పింది.

అందుకే వరస ముఖ్యం. ప్లాట్‌ఫాం పైకప్పులు, షెడ్లు, ఆఫీసులు, సబ్‌స్టేషన్ల పక్కనున్న ఖాళీ స్థలాలు... ముందు ఇవన్నీ నిండాలి. అక్కడ పలక ఏటవాలుగా ఉంటుంది, కడగడం తేలిక, దొంగ భయం తక్కువ, కీమ్యాన్‌కి అడ్డం కాదు. ఖర్చూ తక్కువే. అవి నిండాక పగలు ఖాళీగా ఉండే సైడింగులూ కర్మాగారాల లైన్లూ. వారణాసి వాళ్లు మొదలుపెట్టిందీ అలాంటి చోటే. రైళ్లు పరుగులు తీసే ప్రధాన మార్గాల వంతు ఆ తర్వాతే.

ఆ వంతు వస్తుందా? సాంకేతికంగా కాదనడానికి లేదు. స్విట్జర్లాండ్‌ పరీక్ష 2028 దాకా సాగుతుంది. మూడు చలికాలాలూ మూడు వేసవులూ దాటాక పలకల్లో పగుళ్లెన్ని, మురికివల్ల తగ్గిన కరెంటు ఎంత, పట్టాల పని ఎంత ఆలస్యమైంది అన్న లెక్కలు తేలతాయి. మన ఎండకీ దుమ్ముకీ వానకీ వారణాసి పలకలు ఎలా తట్టుకున్నాయో కూడా అప్పటికి తెలుస్తుంది.

ఈలోగా ‘ఫలానా చోట పట్టాల మధ్య సోలార్‌’ అన్న వార్త మళ్లీ కంటపడితే, ఎన్ని యూనిట్లు వస్తాయన్న అంకెతో ఆగిపోకండి. ఆ లైన్లో పగలు బళ్లు నిలబడతాయా, పలకల్ని కడిగేదెవరు, కిలోమీటరు మేర విప్పి మళ్లీ బిగించడానికి ఎన్ని గంటలు పడుతుంది... ఈ మూడూ చూడండి. మూడింటికీ సరైన జవాబులున్న లైన్లో నిక్షేపంగా పరుచుకోవచ్చు. జవాబు లేనిచోట ఆ జాగాని, రోజూ దాని మీద నడిచే కీమ్యాన్‌కే వదిలేయడం మంచిది.